టూరిస్టులు వచ్చే చిన్న ఊళ్లో పొడి చెత్త: తక్కువ ఖర్చుతో సేకరించి అమ్మడం ఎలా?

అరకు, లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి వైపు పంచాయతీల వాళ్లూ, ములుగు, వికారాబాద్ వైపు ఊళ్ల వాళ్లూ పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. "సీజన్లో మా ఊరి జనం కంటే వచ్చే జనమే ఎక్కువ, వాళ్లు పడేసి వెళ్లే బాటిళ్లూ ప్యాకెట్లూ ఏం చేయాలి?" అనేది ఒకటి. "ఎన్ని డస్ట్‌బిన్లు కొనాలి, బాటిళ్లు నొక్కే మెషీన్ కొనమంటారా?" అనేది రెండోది.

రెండింటికీ ఒకటే జవాబు. ముందు కొనేవాడిని వెతకండి. డబ్బాలు, మెషీన్లు ఆ తర్వాత. కొనేవాడు ఏ సరుకు తీసుకుంటాడు, ఎలా ఉంటే తీసుకుంటాడు, కనీసం ఎంత బరువు ఉండాలి అనేది తెలిశాక, అక్కడి నుంచి వెనక్కి ఒక్కో పని అమర్చుకుంటూ రావాలి. రంగురంగుల డబ్బాలతో మొదలుపెట్టిన చోట్ల జరిగేది తెలిసిందే. డబ్బాలు నిండుతాయి, నిండినవి ఎక్కడికి పంపాలో తెలియదు, ఊరి చివర గుట్టగా పోస్తారు, ఓ రోజు ఎవరో నిప్పు పెడతారు.

ఇక్కడ చెప్పేది 3,000 లోపు జనాభా ఉండి, శని ఆదివారాల్లో, కార్తీక మాసంలో, సంక్రాంతికి జనం విరగబడే ఊళ్ల కోసం. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, డ్వాక్రా సంఘం, యువజన సంఘం, వన సంరక్షణ సమితి, ఎవరు మొదలుపెట్టినా పద్ధతి ఒకటే. తడి చెత్త గురించి అవసరమైనంతే చెప్తాను. ఎరువు తయారీ వేరే పాఠం.

కావలసినవి

- పైకప్పు ఉన్న చోటు, కనీసం ఒక గది అంత. ఆంధ్రలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం షెడ్డు, తెలంగాణలో పల్లె ప్రగతి కింద కట్టిన డంపింగ్ యార్డు షెడ్డు ఉంటే అదే చాలు. కొత్తది కట్టొద్దు.
- వేలాడదీసే డిజిటల్ కాటా.
- ఖాళీ యూరియా, సిమెంటు బస్తాలు. రైతుల దగ్గర, మేస్త్రీల దగ్గర అడిగితే దొరుకుతాయి. దులిపి వాడండి.
- పెద్ద టార్పాలిన్ ఒకటి, అయస్కాంతం ఒకటి, కత్తెర, బకెట్.
- పనిచేసేవాళ్లకి మందపాటి రబ్బరు గ్లవ్స్, గమ్ బూట్లు, మాస్కులు. మొదలుపెట్టే ముందే పీహెచ్‌సీలో ధనుర్వాతం ఇంజక్షన్. గాజు పెంకులతో పని కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్.
- వారానికోసారి దొరికే ట్రాక్టరు లేదా ట్రాలీ ఆటో. రోజూ అక్కర్లేదు.

డబ్బు సంగతి

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలైంది. ఘన వ్యర్థాల పనికి 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి తలకి 60 రూపాయల వరకు, అంతకు మించితే తలకి 45 రూపాయల వరకు ఇవ్వొచ్చని దాని మార్గదర్శకాల్లో ఉంది. అందులో 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి. మీ ఊరి జనాభా 2,000 అయితే మొత్తం 1,20,000. ఇది ఏటా వచ్చే జీతాల డబ్బు కాదు, షెడ్డు, బండి లాంటి ఏర్పాట్లకి. పైగా లెక్క ఊరి జనాభా మీదే ఉంది. ఆదివారం పొద్దున కొండెక్కే వేలమంది ఈ లెక్కలోకి రారు, వాళ్ల చెత్త మాత్రం మీ లెక్కలోకి వస్తుంది. అందుకే జీతాల డబ్బు టూరిస్టుల నుంచే రావాలని ముందే తేల్చుకోండి.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఖాళీ లీటరు వాటర్ బాటిల్ 20 నుంచి 30 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకి 33 నుంచి 50 బాటిళ్లు. ఒక ఆదివారం 2,000 బాటిళ్లు ఏరితే 50 కిలోలు వచ్చాయనుకోండి. కిలో 20 రూపాయలకి పోయిందనుకుంటే వెయ్యి రూపాయలు. ముగ్గురు మనుషుల కూలీకి అది చాలదు. అదే ఆదివారం 150 కార్లు వచ్చి, కారుకి 20 రూపాయల పార్కింగ్ తీసుకుంటే 3,000. కూలీ పార్కింగ్ డబ్బులోంచి ఇవ్వండి. అమ్మకం డబ్బు బస్తాలకి, ఆటోకి, గ్లవ్స్‌కి, పనివాళ్ల బోనస్‌కి వాడండి. "చెత్త అమ్ముకుంటే జీతాలు వెళ్లిపోతాయి" అని గ్రామసభలో చెప్పొద్దు. మూడో నెలలో మీ మాట పోతుంది, ఆ తర్వాత ఏం చెప్పినా వినరు.

పార్కింగ్ ఫీజుకి గ్రామసభ తీర్మానం, రశీదు పుస్తకం తప్పనిసరి. వ్యూ పాయింట్ అటవీ శాఖ భూమిలో ఉంటే రేంజ్ ఆఫీసులో ముందుగా రాసి ఇచ్చి ఒప్పించుకోండి. వాళ్లే ఫీజు వసూలు చేస్తుంటే అందులో వాటా అడగండి.

1. రెండు రోజుల చెత్త తూచండి

ఒక మామూలు రోజు, ఒక సీజన్ ఆదివారం. టార్పాలిన్ పరిచి ఊళ్లో, వ్యూ పాయింట్‌లో, దుకాణాల దగ్గర దొరికిందంతా కుప్ప పోసి, ఇలా విడదీయండి: వాటర్, కూల్‌డ్రింక్ బాటిళ్లు, గాజు, అట్టపెట్టెలు, రేకు డబ్బాలు, క్యాన్లు, పాల ప్యాకెట్లు, కవర్లు, చిప్స్, బిస్కెట్ రేపర్లు, కప్పులు, ప్లేట్లు, తిండి, ఆకులు, డైపర్లు, న్యాప్‌కిన్లు, మిగతావి.

ప్రతిదీ కిలోల్లో తూచండి, ఎన్ని బస్తాలయిందో కూడా రాయండి. చాలామంది బరువు ఒక్కటే రాసి వదిలేస్తారు. చిప్స్ రేపర్లు బరువుకి ఏమీ ఉండవు, గది మాత్రం నింపేస్తాయి. గాజు దీనికి తలకిందులు, నాలుగు బస్తాలకే ఆటో కుంగిపోతుంది. షెడ్డు ఎంత కావాలి, బండి ఎన్నిసార్లు తిరగాలి అనేది ఈ రెండంకెలూ ఉంటేనే తెలుస్తుంది.

2. కొనేవాళ్లను ఇద్దరినైనా పట్టుకోండి

పాడేరు, నర్సీపట్నం, శృంగవరపుకోట లాంటి దగ్గరి టౌన్లో పాత సామాన్ల కొట్లకి వెళ్లండి. ఫోన్లో అడిగితే "అన్నీ తీసుకుంటాం తీసుకురండి" అంటారు, తెచ్చాక సగం పక్కన పెడతారు. మీ సరుకు ఒక్కో బస్తా నమూనాగా పట్టుకెళ్లి చూపించండి. అడగాల్సినవి:

- ఏవేవి కొంటారు, ఏవి అసలు వద్దు?
- బాటిల్ మూత తీసి ఇవ్వాలా? లేబుల్ ఉంటే పర్వాలేదా? నొక్కి ఇవ్వొచ్చా?
- తెల్ల బాటిల్, రంగు బాటిల్ ధర వేరా?
- కనీసం ఎన్ని కిలోలైతే మా ఊరికి బండి పంపుతారు?
- ఎవరి కాటా? డబ్బు అక్కడికక్కడేనా?

ధరలు నెలనెలా మారతాయి కాబట్టి అంకెలు ఇక్కడ రాయడం లేదు. వరస మాత్రం పెద్దగా మారదు. కిలోకి ఎక్కువ పలికేది అల్యూమినియం క్యాన్లు. తర్వాత బాటిళ్లు, గట్టి ప్లాస్టిక్. ఆ కింద అట్ట. అన్నిటికన్నా అడుగున పగిలిన గాజు.

ఘాట్ రోడ్డు ఊళ్లకి రవాణాయే అసలు చిక్కు. దానికి నాకు తెలిసిన మంచి ఉపాయం ఒకటుంది. కింద నుంచి కిరాణా సరుకు, కూల్‌డ్రింకులు, కోళ్ల దాణా తెచ్చే వ్యాన్లు దిగేటప్పుడు చాలావరకు ఖాళీగా దిగుతాయి. ఆ డ్రైవర్లతో, వాళ్ల యజమానులతో మాట్లాడి దిగే ట్రిప్పుకి కిరాయి కుదుర్చుకోండి. ప్రత్యేకంగా బండి కట్టించుకునే దాంట్లో చిన్న భాగమే అవుతుంది. బాటిళ్ల బస్తాలు శుభ్రంగా, మూతి కుట్టి ఉంటేనే వాళ్లు ఒప్పుకుంటారు. కారే బస్తా ఒక్కటి ఎక్కిస్తే మళ్లీ ఆ బండి మీకు దొరకదు.

మీ ఊళ్లో ఇప్పటికే బాటిళ్లు ఏరుకుని బతికేవాళ్లు ఉంటే వాళ్లను పక్కకు నెట్టొద్దు. మొదటి పని వాళ్లకే ఇవ్వండి. ఏ సరుకు ఎవరు కొంటారో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

3. సరుకు పొడిగా ఉండే చోటు

కొండ ఊళ్లలో చలికాలం మంచు చినుకులా కురుస్తుంది. రాత్రి బయట వదిలిన అట్టపెట్టె పొద్దున్నకి మెత్తబడి చేతికి ఊడి వస్తుంది, కొట్టువాడు దాన్ని ముట్టుకోడు. కాబట్టి అట్ట సాయంత్రమే షెడ్డులోకి చేరాలి. నేల మీద నేరుగా పెట్టొద్దు, పాత చెక్కలో ఇటుకలో వేసి పైన పేర్చండి. సరుకుకొక అర, ప్రతి అర మీదా ఆ వస్తువు బొమ్మ. చదువు రాని మనిషి కూడా తప్పు పడకుండా వేయగలగాలి.

వాగు పక్కన షెడ్డు, గుట్ట రెండూ వద్దు. అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తని నీళ్లే తాటిపూడి రిజర్వాయర్లో చేరి విశాఖపట్నానికి తాగునీరవుతాయి. ఆ కొండవాలులో మీరు వాగులోకి వదిలిన కవరు వాన పడితే ఊళ్లో ఆగదు, కిందికే పోతుంది.

షెడ్డులో బీడీ, సిగరెట్, పొయ్యి ఏవీ ఉండకూడదు. ఇసుక బకెట్లు రెండు గుమ్మం దగ్గర పెట్టండి.

4. దుకాణాలు, హోటళ్లు, టెంట్ల వాళ్లు: సగం పని ఇక్కడే

టూరిస్టుకి మీరు శిక్షణ ఇవ్వలేరు. ఈ రోజు వచ్చినవాడు రేపు ఉండడు. టీ కొట్టు ఆమె, బొంగులో చికెన్ అమ్మే అబ్బాయి, టెంట్లు వేసే కుర్రాళ్లు రోజూ ఉంటారు. చెత్తలో పెద్ద భాగం వాళ్ల చేతుల మీదుగానే వెళ్తుంది. అందుకే మీ ఓపికంతా ఇక్కడ పెట్టండి.

ప్రతి కొట్టుకీ రెండు బస్తాలు ఇవ్వండి. ఒకటి బాటిళ్లు, క్యాన్లకి. రెండోది అట్టకి. తిండి, విస్తర్లు వాళ్ల సొంత బుట్టలో వేసుకోవాలి. బస్తా నిండాక తీసుకెళ్లేది ఏ రోజు, ఏ వేళ అనేది గట్టిగా చెప్పండి, ఆ వేళకి వెళ్లి తీరండి. రెండు వారాలు మీరు వెళ్లకపోతే మూడో వారం వాళ్లు వెనక గోతిలో పడేస్తారు. తప్పు వాళ్లది కాదు.

ప్లేట్లు, కప్పుల విషయం విడిగా చూడాలి. థర్మాకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. వాటి బదులు వచ్చిన "పేపర్ ప్లేటు", "పేపర్ కప్పు" చాలావాటికి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అనుమానమా? ఒక టీ కప్పుని నిలువునా చించి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున కాగితం పిప్పిగా విడిపోయి, పల్చటి పొర ఒకటి వేళ్లకి అంటుకుని మిగులుతుంది. ఆ కప్పు కాగితం కింద అమ్ముడుపోదు, ఎరువు గుంతలో కుళ్లదు. అట్ట బస్తాలో కలిస్తే బస్తా ధర తగ్గిస్తారు.

ఏజెన్సీ ఊళ్లకి ప్రత్యామ్నాయం చేతిలోనే ఉంది. అడ్డాకు విస్తర్లు కుట్టే ఆడవాళ్లు మన్యంలో ఉన్నారు. వాళ్ల దగ్గరే కొనమని టిఫిన్ కొట్ల వాళ్లని ఒప్పించండి. సీజన్ మొదలవకముందే ఎంత కావాలో చెప్పి ఆర్డరిస్తేనే సరిపడా దొరుకుతాయి. టీకి స్టీలు లేదా గాజు గ్లాసులు, కడగడానికి ఒక నీళ్ల డ్రమ్ము. డ్రమ్ము ఖర్చు మొదటిసారి పంచాయతీ పెట్టుకుంటే మంచిది, కొట్టువాళ్లు త్వరగా ఒప్పుకుంటారు.

5. టూరిస్టుల దగ్గర సేకరణ

డబ్బాలు తక్కువ పెట్టండి, సరైన చోట పెట్టండి. కొండ మీద వద్దు. దిగి వచ్చే దారి చివర, కార్ల దగ్గర, టీ కొట్ల దగ్గర పెట్టండి. కొండ మీద పెట్టిన డబ్బా కోతుల పాలవుతుంది, దాన్ని దించే మనిషీ దొరకడు.

బాటిళ్లకి ఇనుప జాలీతో చేసిన నిలువు బుట్ట పెట్టి, మూత బిగించి, దానికి బాటిల్ పట్టేంత గుండ్రటి కన్నం ఒకటే ఉంచండి. లోపలి బాటిళ్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి జనం బాటిళ్లే వేస్తారు, తిండి కవరు ఆ కన్నంలో దూరదు. ఊళ్లో వెల్డింగ్ చేసే కుర్రాడు చేసిపెడతాడు. మూత లేని పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము పెడితే గంటలో అన్నం, బాటిళ్లు, డైపర్లు ఒక్కటైపోతాయి. ఆ డ్రమ్ములో ఏదీ అమ్ముడుపోదు.

వేళ కూడా చూసుకోండి. వంజంగి, లంబసింగి లాంటి చోట్ల జనం తెల్లవారకముందే వచ్చి మంచు విడిపోగానే దిగిపోతారు. అక్కడ ఏరేది ఉదయం తొమ్మిది, పది మధ్య. సాయంత్రం దాకా ఆగితే గాలి, కోతులు, పశువులు మీ కంటే ముందు పని పూర్తి చేస్తాయి. వాగు పక్క వనభోజనాల చోట్లకి మాత్రం మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లాలి.

డిపాజిట్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. తిరుమలలో నీళ్లు గాజు సీసాల్లో అమ్మి, సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి ఇస్తారు. 2022లో కేదార్‌నాథ్ దారిలో బాటిల్‌కి క్యూఆర్ స్టిక్కరు అంటించి పది రూపాయల డిపాజిట్ పద్ధతి పెట్టారు. దాన్ని నడిపింది రీసైకల్ అనే హైదరాబాద్ కంపెనీ. అదే ఏడాది తమిళనాడు నీలగిరి జిల్లాలో మందు సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇవ్వడం మొదలైంది.

చిన్న ఊరికి క్యూఆర్ అక్కర్లేదు. దుకాణాల్లో డిపాజిట్ తీసుకుంటే ఎమ్మార్పీ మీద ఎక్కువ అడిగారని గొడవలవుతాయి. అందుకే దాన్ని పార్కింగ్ గేటు దగ్గర పెట్టండి. లోపలికి వెళ్లేటప్పుడు కారులో ఎన్ని బాటిళ్లున్నాయో లెక్కపెట్టి, ఒక్కోదానికి పంచాయతీ ముద్ర ఉన్న స్టిక్కరు అంటించి, బాటిల్‌కి పది చొప్పున తీసుకుని టోకెన్ ఇవ్వండి. తిరిగొచ్చేటప్పుడు స్టిక్కరున్న బాటిల్ చూపిస్తే డబ్బు వెనక్కి. స్టిక్కరు రంగు వారానికోసారి మార్చండి, లేకపోతే పాతవి ఏరుకొచ్చి డబ్బు అడుగుతారు. చిల్లర ముందే తెచ్చి పెట్టుకోండి. చిల్లర లేక డబ్బు ఇవ్వలేకపోతే టూరిస్టు మీ ఊరి మీద కోపంతో వెళ్తాడు. దారి ఒకటే ఉన్న చోట ఇది బాగా నడుస్తుంది. నాలుగు దారులున్న ఊరికి పనికిరాదు, అక్కడ మానేయండి.

గేటు దగ్గరే మంచినీళ్ల కుళాయి పెట్టి "ఇక్కడ బాటిల్ నింపుకోండి" అని రాయండి. బాటిళ్ల సంఖ్య తగ్గించడానికి ఇంతకన్నా చవక మార్గం లేదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయని పరీక్ష చేయించి ఆ కాగితం అక్కడే అతికించండి, అప్పుడే నమ్మి తాగుతారు.

6. విడదీయడం, చేతితో చేసే పరీక్షలు

ముందు బాటిల్. మూత తిప్పి తీయండి, మిగిలిన నీళ్లు కూల్‌డ్రింకు పారబోయండి. మూతలు వేరే ప్లాస్టిక్, వాటికి వేరే బస్తా. తర్వాత బాటిల్‌ని కాలి కింద అడ్డంగా నొక్కండి, లోపలి గాలి పోతే అదే బస్తాలో చాలా ఎక్కువ పడతాయి. నొక్కినవి తీసుకోనని కొట్టువాడు అంటే నొక్కకుండానే పంపండి. ఉమ్మిన గుట్కా, సిగరెట్ పీకలు, నూనె ఉన్న బాటిళ్లు పక్కన పెట్టండి. అలాంటివి పది ఉంటే చాలు, మొత్తం బస్తాకి ధర కోస్తారు.

ఇది ఏ ప్లాస్టిక్ అని తేలకపోతే అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 అంటే వాటర్ బాటిల్ రకం. 2 షాంపూ, ఆయిల్ డబ్బాలు, 5 బిర్యానీ, కర్రీ పార్శిల్ డబ్బాలు. 3 అంటే పీవీసీ, నీళ్ల పైపులు చేసే ప్లాస్టిక్, అది 1తో కలిస్తే కరిగించేటప్పుడు సరుకంతా పాడవుతుంది. అంకె కనపడకపోతే చిన్న ముక్క కత్తిరించి, చుక్క సబ్బు కలిపిన నీళ్లలో వేసి ముంచండి. 2, 4, 5 రకాలు పైకి తేలతాయి, 1, 3 మునుగుతాయి. ఏ రకమో తెలుసుకోడానికి కాల్చి వాసన చూసే అలవాటు కొందరికి ఉంది. ఆ పొగ పీల్చొద్దు, పీల్చనివ్వొద్దు.

క్యాన్లకి అయస్కాంతం. అంటుకుంటే ఇనుప రేకు, అంటుకోకపోతే అల్యూమినియం. రెండూ కలిపి అమ్మితే అల్యూమినియాన్ని రేకు ధరకి ఇచ్చేసినట్టే.

బీరు సీసాలు పగలకుండా ఉంటే విడిగా పెట్టండి, మళ్లీ నింపడానికి కొనేవాళ్లు సీసా లెక్కన తీసుకుంటారు. పెంకులు బస్తాలో వేయొద్దు, పాత రేకు డబ్బాలో వేయండి. బస్తా భుజాన వేసుకునే మనిషి వీపు చీరుకుపోతుంది.

7. తూకం, అమ్మకం

ప్రతి బస్తా షెడ్డులోనే తూచి, దాని మీద సరుకు పేరు, బరువు, తేదీ మార్కర్‌తో రాయండి. కొట్టువాడి దగ్గర మళ్లీ తూచేటప్పుడు మీ మనిషి పక్కన నిలబడాలి. రెండు అంకెలకీ తేడా కిలో రెండు కిలోలైతే వదిలేయండి. ప్రతిసారీ పది శాతం తగ్గుతుంటే రెండో కొట్టుకి వెళ్లండి. ఇద్దరిని పట్టుకోమన్నది ఇందుకే.

డబ్బు ఒక్కరి జేబులోకి వెళ్లకూడదు. సంఘం ఖాతాలోకి వెళ్లాలి, రశీదు నోట్‌బుక్‌లో అంటించాలి, నెలకోసారి పంచాయతీ గోడ మీద కాగితం పెట్టాలి. చెత్తలో ఎవరో డబ్బు చేసుకుంటున్నారనే మాట ఊళ్లో పుడితే కార్యక్రమం అక్కడితో ఆగిపోతుంది.

8. అమ్ముడుపోనివి

చిప్స్, బిస్కెట్ రేపర్లు పొడిగా, విడిగా బస్తాల్లో కుక్కి ఉంచండి. బ్లాకుకొక (మన దగ్గర మండలానికొక) ప్లాస్టిక్ వ్యర్థాల యూనిట్‌కి 16 లక్షల వరకు ఇవ్వొచ్చని స్వచ్ఛ భారత్ రెండో దశ మార్గదర్శకాల్లో ఉంది. మీ మండలంలో ఆ యూనిట్ ఉందా, రేపర్లు తీసుకుంటుందా అని ఎంపీడీఓ ఆఫీసులో రాసి అడగండి. ఇలాంటివి చివరికి ఎక్కువగా సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లోకే ఇంధనంగా వెళ్తాయి. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీలు అంతే ప్లాస్టిక్‌ని తిరిగి సేకరింపజేయాలనే నిబంధన ఉంది, దాన్ని ఈపీఆర్ అంటారు. ఆ నమోదు ఉన్న రీసైక్లర్లు దొరికితే రేపర్లకి కూడా దారి దొరకొచ్చు. ధర రాకపోయినా పర్వాలేదు, ఊరు దాటితే చాలు.

కాల్చడం మాత్రం వద్దు. బయట చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. జరిమానా సంగతి అలా ఉంచండి, పీవీసీ ఉన్న కుప్ప కాలితే డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి, ఆ పొగ మీ పిల్లలే పీలుస్తారు.

డైపర్లు, న్యాప్‌కిన్లు పాత పేపర్లో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వమని లాడ్జీలకి చెప్పండి. మండలంలో ఏర్పాటు లేకపోతే బావులకి, వాగులకి దూరంగా లోతైన గుంత తీసి, వేసిన ప్రతిసారీ మట్టి కప్పండి. ఇన్సులిన్ సూదులు మందపాటి బాటిల్లో వేసి మూత బిగించి, ఏఎన్ఎమ్ లేదా ఆశా కార్యకర్త ద్వారా పీహెచ్‌సీకి పంపండి. బ్యాటరీలు, బల్బులు ఒక డబ్బాలో దాచి, ఈ-వేస్ట్ తీసుకునే చోటు దొరికినప్పుడు ఇవ్వండి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్ని సరుకులతో ఒకేసారి మొదలుపెట్టడం. మొదటి సీజన్ బాటిళ్లు, క్యాన్లు, అట్ట చాలు. అవి సాఫీగా నడిచాక గాజు.

మెషీన్ ముందు కొనడం. వారానికి వందల కిలోలు దాటకుండా బాటిళ్లు నొక్కే మెషీన్‌తో పనిలేదు. కరెంటు నిలకడగా లేని ఊళ్లో అది మూలన పడుతుంది.

తడి చెత్తని వదిలేయడం. పొడి చెత్త పాడయ్యేది తిండి తగిలే. హోటళ్ల కూరగాయ తొక్కలు, విస్తర్లు ఎరువు గుంతకి వెళ్లే దారి పక్కా అయితేనే మీ బాటిళ్లు శుభ్రంగా వస్తాయి.

ఫొటోల కోసం నెలకోసారి వందమందితో ఏరడం, మిగతా రోజులు ఎవరూ లేకపోవడం. వందమంది ఒక రోజు చేసే పని కన్నా ఇద్దరు రోజూ చేసేది ఊరికి ఉపయోగం.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా చూసుకోవాలి?

ఒకటి, బస్తా పరీక్ష. కట్టిన బాటిళ్ల బస్తా ఒకటి ఏదో విప్పి, చేతికొచ్చిన 50 తీయండి. మూత ఉన్నవి, మురికివి, వేరే రకంవి కలిపి మూడు దాటితే ఆ రోజు బస్తాలన్నీ మళ్లీ చూడాలి. ఆ పని చేసినవాళ్ల మీద కేకలేయకండి, పక్కన కూర్చుని చూపించండి. వెలుతురు లేక తప్పులు పడుతుంటే బల్బు మార్చండి.

రెండు, దారి పరీక్ష. పార్కింగ్ నుంచి కొండ దారిలో ఒక 200 మీటర్లు ఎంచుకుని, ప్రతి సోమవారం పొద్దున ఏరకముందే కింద పడున్నవి లెక్కపెట్టి రాయండి. అదే దారి, అదే వేళ. వారానికి వారం ఆ అంకె తగ్గాలి. తగ్గకపోతే అక్కడ ఏం ఎక్కువ పడుతోందో చూడండి. కప్పులైతే టీ కొట్టుతో మాట్లాడాలి, బాటిళ్లైతే గేటు సరిచేయాలి.

మూడు, పుస్తకం పరీక్ష. నెలాఖరుకి షెడ్డులోకి వచ్చిన బరువులో అమ్ముడుపోయింది తీసేసి, షెడ్డులో ఉన్నదాంతో పోల్చండి. పై అధికారులు ఎంత సేకరించారని అడుగుతారు. మీరు ఎంత అమ్ముడుపోయిందో చూడండి. సేకరించింది పెరుగుతూ అమ్మకం పెరగకపోతే మీరు డంపింగ్ యార్డుని షెడ్డులోకి మార్చారంతే. వెంటనే రెండో కొట్టుకి ఫోన్ చేయండి.

నాలుగు, పొగ. సాయంత్రం ఊరి చుట్టూ ఒకసారి చూడండి. ఎక్కడైనా ప్లాస్టిక్ కాలుతున్న వాసన వస్తే అక్కడికి మీ బస్తా చేరడం లేదని అర్థం. ముందు బస్తా ఇచ్చి, వేళకి వెళ్లడం మొదలుపెట్టండి. అప్పటికీ కాలిస్తేనే నోటీసు.

మొదలుపెట్టడానికి మంచి సమయం జూలై, ఆగస్టు. జనం తక్కువ, కొట్ల వాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది. అక్టోబరు కల్లా జాలీ బుట్టలు, విస్తర్ల ఆర్డరు, వ్యాన్ల కిరాయి ఖరారు కావాలి. కార్తీక మాసం ఆదివారాలకి అదనంగా ఇద్దరిని పెట్టుకోండి. సంక్రాంతి సెలవులు అయిపోగానే ఒక లోడు, ఫిబ్రవరి చివర ఒక లోడు పంపేయండి. జూన్ వానలు మొదలయ్యేసరికి షెడ్డులో అట్ట ఒక్క ముక్క కూడా మిగలకూడదు.